జట్టుగా సాధన చేసి సుదూర పరుగు, సైకిల్ పోటీలకు వెళ్లడం ఎలా? నల్లగొండ, పాలమూరు వారికి ఒక క్రమం

మారథాన్‌లోనూ, సుదూర సైకిల్ ప్రయాణాల్లోనూ ఎవరి సమయాన్ని వారికి విడిగానే లెక్కిస్తారు. అయినా బడిలో పాఠాలు చెప్పుకుంటూనో, దుకాణం నడుపుకుంటూనో, పొలం చూసుకుంటూనో తెల్లవారుజామున దొరికే గంటన్నరలో సాధన చేసేవారు ఒంటరిగా ఎక్కువ కాలం కొనసాగడం కష్టం. నాలుగున్నరకు అలారం మోగినప్పుడు మనిషిని మంచం మీది నుంచి లేపేది గడియారం సెంటర్‌లో ఎదురుచూస్తున్న తోటివారే. అందుకే మన పట్టణాల్లో ఇలాంటి జట్లు తేలిగ్గా పుడతాయి, అంతే తేలిగ్గా చెదిరిపోతాయి కూడా. నేను గమనించినంత వరకు దానికి కారణం మనస్పర్థలు కావు; ఏది కలిసి చేయాలో, ఏది ఎవరికి వారు చేసుకోవాలో మొదట్లోనే తేల్చుకోకపోవడమే. దిగువ చెప్పిన క్రమమంతా ఆ తేడాను దృష్టిలో పెట్టుకుని రాసినది.

పోటీని ముందు ఎంచుకోండి, జట్టును తర్వాత కట్టండి

లక్ష్యం లేని జట్టు నెల తిరగకముందే నడకకు, ఆ తర్వాత చాయ్‌కు పరిమితమవుతుంది. కాబట్టి ఒకే పోటీని అందరికీ గుర్తుగా పెట్టుకోవాలి. మన ప్రాంతం వారికి దగ్గరగా ఉన్నది ఏటా ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్, అందులో 42.195 కిలోమీటర్ల పూర్తి దూరంతో పాటు 21.1 కిలోమీటర్ల హాఫ్, 10 కిలోమీటర్ల పరుగు కూడా ఉంటాయి కనుక ఒకే జట్టులోని వారు తమ తమ శక్తిని బట్టి వేర్వేరు దూరాలకు పేరు నమోదు చేసుకోవచ్చు. మొదటిసారి వెళ్లేవారు, ఇప్పటికే ఆగకుండా 5 కిలోమీటర్లు పరుగెత్తగలిగితే, హాఫ్ దూరానికి 16 వారాల సాధన పెట్టుకోవడం సబబు. ఆగస్టు చివరి ఆదివారం నుంచి వెనక్కి లెక్కిస్తే ఆ సాధన మే మొదటి లేదా రెండో వారంలో, అంటే నల్లగొండ ఎండ నిప్పులు చెరిగే రోజుల్లో మొదలవుతుంది. ఈ సంగతి తెలియక జూన్ చినుకుల కోసం ఎదురుచూసేవారు చివరికి పది వారాలతో సరిపెట్టుకోవలసి వస్తుంది.

ఆరంభంలో ఐదారుగురు చాలు. నలభై దాటినవారు, బీపీ, షుగర్ ఉన్నవారు, ఇంట్లో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చిన చరిత్ర ఉన్నవారు డాక్టరును కలిసి ఈసీజీ వంటి పరీక్షలు చేయించుకున్నాకే దూరం పెంచాలి. ఈ ఒక్క విషయంలో మొహమాటానికి చోటివ్వకూడదు.

చోటును రోజును బట్టి మార్చుకోండి

వేగంగా పరుగెత్తే రోజుకు మైదానం కావాలి, నిదానంగా సాగే రోజుకు చెరువు కట్ట చాలు. నల్లగొండ వారికి పానగల్ దగ్గరి ఉదయసముద్రం కట్ట అనువుగా ఉంటుంది. ఎత్తులు ఎక్కే సాధనకు నార్కట్‌పల్లి దగ్గరి చెర్వుగట్టు, మహబూబ్‌నగర్ వారికైతే మన్యంకొండ ఘాట్ రోడ్డు ఉన్నాయి. హైదరాబాద్ పోటీ దారిలో ఫ్లైఓవర్లు వరుసగా తగులుతాయి కనుక చదును నేల మీద మాత్రమే పరుగెత్తినవారి తొడలు సగం దూరానికే పట్టేస్తాయి. వారానికొకసారి గుట్ట ఎక్కడం ఈ పోటీకి తప్పనిసరి అని నా అభిప్రాయం. అయితే అమావాస్య నాడు చెర్వుగట్టుకు భక్తులు వేల సంఖ్యలో వస్తారు. క్యాలెండర్ చూసుకుని ఆ పూట మరో దారి పట్టడం అందరికీ మంచిది.

సైకిల్ మీద శ్రీశైలం దారి ఎంత అందంగా ఉన్నా, మన్ననూరు దాటాక అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. అక్కడ రాత్రిపూట రాకపోకలను ఆపుతారు కనుక చెక్‌పోస్టు తెరిచి, బాగా వెలుతురు వచ్చాకే లోపలికి వెళ్లాలి. గుంపు నుంచి ఎవరినీ ఒంటరిగా వెనక వదిలేయకూడదు.

వేగాలు వేరైనవారు కలిసి సాధన చేసే పద్ధతులు

జట్టుకు అసలు పరీక్ష ఇక్కడే. కిలోమీటరును ఐదు నిమిషాల్లో పూర్తి చేసేవారు, ఎనిమిది నిమిషాలు తీసుకునేవారు పక్కపక్కన పరుగెత్తితే ఒకరికి విసుగు, మరొకరికి ఆయాసం. దీనికి రెండు ఉపాయాలున్నాయి.

మొదటిది, దూరాన్ని కాకుండా గడియారాన్ని చూసి వెనుదిరగడం. అందరూ ఐదింటికి ఒకే చోట బయలుదేరి, 5.40 కాగానే ఎవరు ఎక్కడున్నా అక్కడే వెనక్కి తిరగాలి. వేగంగా వెళ్లేవారు అప్పటికి 8 కిలోమీటర్ల దగ్గర, నిదానంగా వెళ్లేవారు 5 కిలోమీటర్ల దగ్గర ఉంటారు. వెళ్లిన వేగంతోనే తిరిగి వస్తే అందరూ 6.20 ప్రాంతంలో బయలుదేరిన చోటికే చేరుకుంటారు. ఎవరైనా బాగా ఆలస్యమైతే వారు మొదట్లో తమ శక్తికి మించి పరుగెత్తారని అర్థం. ఇందులో మరో మేలు కూడా ఉంది: అందరికంటే దూరం వెళ్లినవారు తిరుగుదారిలో చివరివారు నడిచిన దారంతా దాటుకుంటూ వస్తారు కాబట్టి, మధ్యలో కాలు బెణికి కూర్చున్నవారు ఎవరున్నా వారి కంటపడకుండా పోరు.

రెండవది మైదానంలో చేసే వేగ సాధనకు. ఆరు నిమిషాలకు ఒకసారి అందరూ కలిసి గీత మీద నుంచి బయలుదేరతారు, కానీ అందరూ ఒకే దూరం పరుగెత్తరు. 800 మీటర్లను మూడున్నర నిమిషాల్లో పూర్తి చేసేవారికి రెండున్నర నిమిషాల విశ్రాంతి మిగులుతుంది. అదే దూరానికి నాలుగున్నర నిమిషాలు పట్టేవారికి మిగిలేది నిమిషంన్నర మాత్రమే. ఎక్కువ విశ్రాంతి అవసరమైనవారికే తక్కువ విశ్రాంతి దక్కుతుందన్నమాట. అందుకని వారు 600 మీటర్లు పరుగెత్తితే ఇద్దరూ దాదాపు ఒకేసారి ముగిస్తారు, ఒకేసారి ఊపిరి తీసుకుంటారు, మళ్లీ ఒకేసారి గీత మీదికి వస్తారు. ఇలా ఐదారు విడతలు చేస్తే చాలు.

ఇక నిదానంగా పరుగెత్తవలసిన రోజుల సంగతి. వారంలో చేసే సాధనలో ఎక్కువ భాగం, పక్కవారితో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలిగేంత నిదానంగా ఉండాలి. జట్లు పాడయ్యేది ఈ రోజుల్లోనే. ఒకరు నాలుగు అడుగులు ముందుకు వేస్తారు, రెండోవారు అహం కొద్దీ అందుకుంటారు, పావుగంటలో అది పందెంగా మారుతుంది. వెనకబడినవారు మరుసటి వారం నుంచి రావడం మానేస్తారు. ఆ రోజు అందరికంటే నిదానమైనవారిని ముందు నిలబెట్టి, వారిని ఎవరూ దాటకూడదని నియమం పెట్టుకోండి. ఈ నియమం నచ్చనివారు ఆ రోజు విడిగా పరుగెత్తవచ్చు, అందులో తప్పేమీ లేదు. వారానికి మూడు పూటలు కలిసి, మిగిలినవి ఎవరికి వారు చేసుకోవడం చాలామందికి కుదురుతుంది. వారపు మొత్తం దూరాన్ని ఒక్కసారిగా పెంచకుండా పదో వంతుకు అటూ ఇటూగా పెంచుకుంటూ, మూడు నాలుగు వారాలకొకసారి తగ్గించుకుంటూ పోవాలి.

సైకిళ్ల వరుస

ముందున్న సైకిల్ వెనకే దగ్గరగా వెళ్లేవారికి గాలి ఒత్తిడి తగ్గి, పావు వంతు నుంచి మూడో వంతు వరకు శ్రమ కలిసివస్తుంది. ఎదురుగాలి వీచే రోజున ఈ తేడా చాలా స్పష్టంగా తెలుస్తుంది. కనుక మూడు నాలుగు నిమిషాలకొకరు వంతులవారీగా ముందుండాలి. వంతు ముగిసినవారు బ్రేకు వేయకూడదు. వెనక బండ్లేవీ లేవని చూసుకుని, కొద్దిగా పక్కకు జరిగి, తొక్కడం తగ్గించి, వరుస చివరికి చేరాలి. విజయవాడ జాతీయ రహదారి 65 మీద గానీ, జడ్చర్ల దగ్గరి 44 మీద గానీ ఒక్క వరుసలోనే, ఎడమ అంచునే సాగాలి. పరుగెత్తేవారు మాత్రం కాలిబాట లేని రోడ్డుకు కుడి పక్కన, ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా వెళ్లడం క్షేమం.

ముందున్నవారు కళ్లతో పాటు గొంతును కూడా వాడాలి. ‘గుంత’, ‘కుక్క’, ‘ఆగుతున్నా’ అనే మాటలు వరుస చివరి వరకు ఒకరి నుంచి ఒకరికి అందాలి. మన జిల్లాలో మరో పిలుపు కూడా అవసరం: ‘వడ్లు’. వరికోతల కాలంలో ఊళ్ల దగ్గర రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పేర్చుతారు. తెల్లవారుజామున ఆ కుప్పల మీద కప్పిన పరదాలు తారు రోడ్డు రంగులోనే కనిపిస్తాయి, రాళ్లు అసలే కనిపించవు. సన్నటి టైరు వడ్ల మీదికి ఎక్కితే ఇసుక మీద జారినట్టే జారుతుంది, పైగా తొక్కి పాడు చేసేది రైతు పంట. ఆ కాలంలో వెలుతురు వచ్చాక బయలుదేరడమో, ఊళ్లు తక్కువ తగిలే దారిని ఎంచుకోవడమో చేయాలి.

నీరు, తిండి, ఎండ

గంట లోపు పరుగుకు మామూలు నీళ్లు చాలు. అంతకు మించితే గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండి పదార్థం అందాలి; ఒక అరటిపండు, చిన్న బెల్లం ముక్క, ఎండు ఖర్జూరాలు దీనికి సరిపోతాయి. పల్లీపట్టిలో నూనె ఎక్కువ కనుక దానిని సైకిల్ మీదికి ఉంచుకుని పరుగులో మానుకోవడం మేలు. పోటీ నాడు కొత్త తిండి ఏదీ వద్దు. చెమట పోతున్నప్పుడు వట్టి నీళ్లే అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి ప్రమాదం రావచ్చు. అందుకే ఓఆర్ఎస్ ప్యాకెట్టును దాని మీద రాసిన కొలత ప్రకారమే కలుపుకోవాలి. ప్యాకెట్టు దొరకని చోట లీటరు నీటిలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలుపుకోవచ్చు. మర్రిగూడ, నాంపల్లి మండలాల వైపు ఫ్లోరైడ్ చరిత్ర అందరికీ తెలిసిందే. గుర్తు తెలియని బోరు నీళ్లతో సీసా నింపుకోకుండా శుద్ధి చేసిన నీళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి.

శరీరం ఎండకు అలవాటు పడటానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. మే నెలలో ఆ రెండు వారాలూ దూరం తగ్గించి, ఏడు లోపు ఇంటికి చేరాలి. తోటివారు తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడటం మొదలుపెడితే అది అలసట అనుకోకూడదు, వడదెబ్బ కావచ్చు. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ, విసురుతూ, మరొకరి చేత 108కు ఫోన్ చేయించాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

పోటీకి బయలుదేరే ముందు

నమోదు రుసుము, బండి కిరాయి, గది ఖర్చు ఒకరే చూసుకుని పద్దు రాసి పెట్టాలి. నల్లగొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్ల దూరమే అయినా తెల్లవారుజామున మొదలయ్యే పోటీకి అదే రాత్రి ప్రయాణం చేయడం నిద్రను చంపుకోవడమే. ముందు రోజే వెళ్లి బిబ్బులు, అంటే ఛాతీ మీద కట్టుకునే నంబరు పట్టీలు, తీసుకుని, పెందలాడే భోంచేసి పడుకోవాలి. రాలేనివారి బిబ్బును మరొకరు కట్టుకోవడం నిబంధనలకు విరుద్ధం. ఏదైనా ప్రమాదం జరిగితే వైద్యుల చేతిలో ఉండేది తప్పుడు పేరు, తప్పుడు వివరాలు.

ఇంచుమించు ఒకే వేగం ఉన్న ఇద్దరు ముగ్గురు 14, 15 కిలోమీటర్ల వరకు కలిసి వెళ్లి, అక్కడి నుంచి ఎవరి దారి వారు చూసుకోవాలని ముందే అనుకోండి. అలా అనుకోకపోతే ఆగాలా, సాగాలా అన్న సందేహంలో ఇద్దరూ నష్టపోతారు. ఇటీవలి సంవత్సరాల్లో ఈ పోటీలోని పూర్తి, హాఫ్ పరుగులు నెక్లెస్ రోడ్డు దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తున్నాయి కనుక, పరుగు అయ్యాక ఎక్కడ కలుసుకోవాలో, బండి ఎక్కడ నిలపాలో ముందు రాత్రే నిర్ణయించుకోవాలి.

జట్టుకే లెక్క వచ్చే పోటీలు

ఒక ఏడాది గడిచాక, ఫలితం కూడా ఉమ్మడిగా వచ్చే పోటీల వైపు చూడవచ్చు. జపాన్‌లో 1917లో క్యోటో నుంచి టోక్యోకు మొదలైన ఎకిడెన్ అనే పరుగులో భుజానికి వేసుకునే గుడ్డపట్టీని ఒకరి నుంచి ఒకరు అందుకుంటారు. మారథాన్ దూరాన్ని ఆరుగురు 5, 10, 5, 10, 5, 7.195 కిలోమీటర్లుగా పంచుకునే పద్ధతి అందులో ప్రసిద్ధం. దీన్ని ఉదయసముద్రం కట్ట మీద ఒక కండువాతో మనమే జరుపుకోవచ్చు. చిన్న దూరాలను కొత్తవారికి ఇస్తే నిదానంగా పరుగెత్తేవారు కూడా జట్టుకు అవసరమైనవారవుతారు.

సైకిల్‌లో అయితే ఫ్రాన్సులో 1947 నుంచి సాగుతున్న ఫ్లెష్ అనే జట్టు ప్రయాణం ఉంది. దానికి ముందు 200 కిలోమీటర్ల బ్రెవేను, అంటే గడువులోగా పూర్తి చేయవలసిన సుదూర సైకిల్ ప్రయాణాన్ని, పదమూడున్నర గంటల గడువులో జట్టులో ప్రతి ఒక్కరూ పూర్తి చేసి ఉండటం మంచిది. ఫ్లెష్‌లో మూడు నుంచి ఐదు సైకిళ్లు ఒక జట్టు. దారిని జట్టే గీసుకుంటుంది. 24 గంటల్లో కనీసం 360 కిలోమీటర్లు వెళ్లాలి. కనీసం మూడు సైకిళ్లు చివరి వరకు చేరాలి. ఎక్కడా రెండు గంటలకు మించి ఆగకూడదు. చివరి రెండు గంటల్లో కనీసం 25 కిలోమీటర్లు తొక్కాలన్న నియమం కూడా ఉన్నందున ముందుగా చేరిపోయి నిద్రపోవడం కుదరదు. దారి గీసేటప్పుడే అర్ధరాత్రి తర్వాత గంటన్నర కునుకుకు పెట్రోలు బంకో, దాబానో ఉన్న చోటును గుర్తించి, అక్కడి నుంచి మిగిలిన దూరాన్ని అందరికంటే నిదానంగా తొక్కేవారి వేగంతో లెక్కకట్టాలి.