కొత్త క్యామ్‌షాఫ్ట్ వేశాక స్టార్ట్ చేసే ముందు ఆయిల్ డబ్బా చూడండి

పాత ఇంజిన్ విప్పి కొత్త క్యామ్‌షాఫ్ట్ (వాల్వ్‌లను తెరిపించే కడ్డీ), ట్యాపెట్లు (దాని కదలికను వాల్వ్‌ల వైపు అందించే ముక్కలు) వేయించారా? కీ తిప్పే ముందు ఏ ఆయిల్ పోశారో చూసుకోండి. క్యామ్‌షాఫ్ట్ మీది ఉబ్బు, అంటే లోబ్, అరగడానికి ఏళ్లు అక్కర్లేదు, మొదటి అరగంట చాలు.

అడుగున చక్రం ఉండే రోలర్ ట్యాపెట్లున్న ఇంజిన్లకు ఈ టెన్షన్ లేదు, మాన్యువల్‌లో చెప్పిన ఆయిల్ పోస్తే సరి. ఇబ్బందంతా చక్రం లేని ఫ్లాట్ ట్యాపెట్లతోనే. అక్కడ లోబ్ ట్యాపెట్‌ని ఒరుసుకుంటూ తిరుగుతుంది. మొన దగ్గర ఒత్తిడికి ఆయిల్ పొర నిలవదు. అప్పుడు లోహాన్ని కాపాడేది జింకు, ఫాస్ఫరస్ ఉన్న జడ్‌డీడీపీ అనే రసాయనం. ఫాస్ఫరస్, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని దెబ్బతీస్తుంది కాబట్టి 2004లో వచ్చిన ఏపీఐ ఎస్ఎం అనే ఆయిల్ రేటింగ్ నుంచి 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 లాంటి గ్రేడ్లలో దాన్ని 0.08 శాతం దాటనివ్వడం లేదు. అంటే జడ్‌డీడీపీ కూడా తగ్గినట్టే. కొత్త రేటింగ్ ఉంటే మంచి ఆయిలే అనుకునేవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. చిక్కటి ఆయిల్ పోస్తే చాలన్న సలహా కూడా నమ్మకండి. గ్రేడ్ నంబరు చిక్కదనం చెబుతుంది, జింకు సంగతి చెప్పదు. ఆయిల్ కంపెనీ ఇచ్చే డేటా షీట్‌లో జింకు 1200 పీపీఎంకి అటూ ఇటూగా ఉందేమో చూడండి. ఉంటే పైన ఇంకో అడిటివ్ సీసా వంపొద్దు, మరీ ఎక్కువైతే అదే లోహాన్ని తింటుంది.

లోబ్‌లకూ ట్యాపెట్ల అడుగుకూ అసెంబ్లీ లూబ్ (బిగించేటప్పుడు పూసే కందెన) పట్టించండి. ఆయిల్ పంప్ ప్రైమ్ చేసి (ముందే ఆయిల్ ఎక్కించి), టైమింగ్, పెట్రోలు అన్నీ ముందే సరిచూసుకోండి. స్టార్టర్‌ని అదేపనిగా తిప్పితే రాసిన లూబ్ కాస్తా తుడిచిపెట్టుకుపోతుంది. స్టార్టవ్వగానే 2000 ఆర్‌పీఎంకి తీసుకెళ్లి, 20-30 నిమిషాలు 2000-2500 మధ్య మారుస్తూ ఉంచండి. ఐడిలింగ్‌లో వదలొద్దు. ఇలాంటి చాలా ఇంజిన్లలో లోబ్‌లకు ఆయిల్ అందేది క్రాంక్‌షాఫ్ట్ వేగంగా తిరుగుతూ చిమ్మితేనే. ఎక్కడైనా లీకైతే ఆపేసి బాగుచేసుకుని, మళ్లీ అదే వేగంతో మొదలుపెట్టండి.

పుష్‌రాడ్‌లు (ట్యాపెట్ నుంచి వాల్వ్ వైపు పోయే కడ్డీలు) ఉన్న ఇంజినైతే వాల్వ్ కవర్ తీసి కాసేపు గమనించండి. ప్రతి పుష్‌రాడ్ పైకీ కిందికీ ఆడుతూనే మెల్లగా తన చుట్టూ తాను తిరగాలి. ఒకటి తిరగకుండా ఉంటే దాని కింద ట్యాపెట్ కూడా తిరగట్లేదన్నమాట, వెంటనే ఇంజిన్ ఆపేయండి.

పని కాగానే ఆయిల్, ఫిల్టర్ మార్చి, పాత ఫిల్టర్ కోసి చూడండి. కాస్త బూడిద రంగు మడ్డి మామూలే, అయస్కాంతానికి అంటుకునే ఇనుప రవ్వలు మాత్రం కాదు. తర్వాత కూడా ఏదో ఒక్క వాల్వ్ క్లియరెన్సే (వాల్వ్ దగ్గర వదిలే సందు) సర్దిన ప్రతిసారీ పెరుగుతుంటే, ఆ లోబ్‌నీ ట్యాపెట్‌నీ విప్పి చూడాల్సిందే.