స్విఫ్ట్ డీజిల్‌కి హైబ్రిడ్ టర్బో: ముందు ఆయిల్ దారి, తర్వాతే టర్బో

మారుతి 1.3 డీడీఐఎస్ ఇంజను 1248 సీసీది. స్విఫ్ట్, డిజైర్, రిట్జ్‌లలో వచ్చిన రకం 75 పీఎస్ పవరు, 190 న్యూటన్ మీటర్ల టార్కు ఇస్తుంది. దాని మీద వచ్చే టర్బో (ఎగ్జాస్టు పొగ తోపుతో తిరిగి ఇంజనులోకి గాలి ఊదేది) బోర్గ్‌వార్నర్ కేపీ35. చిన్న టర్బో కాబట్టి రెండు వేల ఆర్‌పీఎం దగ్గర బాగా లాగుతుంది, 3500 దాటాక మాత్రం దానికి ఊపిరి అందదు. ఏసీ వేసుకుని, నలుగురిని ఎక్కించుకుని విశాఖ నుంచి ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కితే ఆ సంగతి తెలిసిపోతుంది.

హైబ్రిడ్ అంటే పైకి అదే కేపీ35, లోపల పెద్ద చక్రాలు. కంప్రెసర్ హౌసింగును లేత్ మీద కాస్త తొలిచి పెద్ద కంప్రెసర్ వీలు (గాలి ఊదే చక్రం), దానికి తగ్గ టర్బైన్ వీలు (పొగ తిప్పే చక్రం) వేస్తారు. ఫ్లాంజీలు, బోల్టు రంధ్రాలు, ఆయిల్ పైపుల కొలతలు మారవు. చాలామంది 90 పీఎస్ రకం ఇంజనులోని వేరియబుల్ టర్బో (లోపల కదిలే రెక్కలు, అంటే వేన్లు ఉన్నది) తెచ్చి పెట్టేద్దామనుకుంటారు. అది వద్దు. దాని వేన్లను కదిలించే ఏర్పాటు గానీ, దాన్ని నడిపే ఈసీఎం (ఇంజను కంప్యూటరు) ప్రోగ్రాము గానీ 75 పీఎస్ కారులో ఉండవు. వైరింగు దగ్గరే నెల గడిచిపోతుంది.

పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు, హెడ్ గ్యాస్‌కెట్ అన్నీ కంపెనీవే ఉంచి చేసే పని ఇది. 100 పీఎస్, 230 న్యూటన్ మీటర్ల దగ్గర ఆగిపోండి. అంతకు మించి అడిగితే ముందు క్లచ్, ఆ తర్వాత గేర్‌బాక్స్ ఖర్చుకి తయారుగా ఉండాలి. ఇంకొక మాట. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షను, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వాటికి తేడాగా ఉండేలా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు. ఇన్సూరెన్సువాళ్లకి చెప్పకుండా చేసిన మార్పు రేపు క్లెయిమ్ దగ్గర అడ్డం తిరుగుతుంది. పొల్యూషన్ చెక్‌లో పొగ కొలత కూడా నిలబడాలి. ఇవన్నీ చూసుకుని దిగండి.

పాత టర్బో ఎందుకు పోయింది?

పాతది పోయిందని కొత్తది వేస్తుంటే ఈ ప్రశ్నకి జవాబు దొరికేదాకా కొత్త టర్బో డబ్బా విప్పకండి. టర్బో షాఫ్టు నిమిషానికి రెండు లక్షల చుట్లకు పైగా తిరుగుతుంది. దాన్ని మోసేది పల్చటి ఆయిల్ పొర ఒక్కటే. ఆ ఆయిల్ రాక ఆలస్యమైనా, మురికిగా వచ్చినా, వెనక్కి పోయే దారి మూసుకుపోయినా కొత్త టర్బో కూడా పాతదాని వెనకే పోతుంది. మూడు నెలల్లో రెండో టర్బో కొన్న కార్లలో కారణం ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది.

ఆయిల్ ప్రెజర్ స్విచ్చి తీసి ఆ కన్నంలో మెకానికల్ గేజి బిగించండి. ఇంజను పూర్తిగా వేడెక్కాక ఐడిల్‌లో 1 బార్‌కి తగ్గకూడదు. తగ్గితే ఆయిల్ చాంబరు దింపి స్ట్రెయినరు జాలీ చూడండి. ఈ ఇంజనులో ఆయిల్ మార్పు ఆలస్యం చేసినవాళ్ల బళ్లలో ఆ జాలీకి నల్లటి జిడ్డు గట్టిగా అంటుకుని ఉంటుంది. టైమింగ్ చెయిన్ చప్పుడు వినిపిస్తే ముందు ఆ పని చేయించండి. సాగిన చెయిన్ మీద పవరు పెంచకూడదు.

గ్లో ప్లగ్ కన్నాల్లోంచి కంప్రెషన్ చూడండి. నాలుగు సిలిండర్ల మధ్య తేడా 3 బార్ దాటితే టర్బో డబ్బు ఇంజను మీద పెట్టడం మేలు. ఇంజెక్టర్ల రిటర్ను టెస్టు (ఒక్కో ఇంజెక్టరు నుంచి వెనక్కి పోయే డీజిల్‌ని సీసాలో పట్టి కొలవడం) కూడా చేయించండి. నాలుగు సీసాల్లో డీజిల్ దాదాపు సమానంగా పడాలి. ఒకదాంట్లో రెట్టింపు పడితే ఆ ఇంజెక్టరు అరిగిపోయిందని అర్థం.

కొనాల్సినవి

బ్యాలెన్సింగ్ రిపోర్టుతో వచ్చిన హైబ్రిడ్ టర్బో, మ్యానిఫోల్డు నుంచి డౌన్‌పైపు దాకా గ్యాస్‌కెట్ల సెట్టు, ఆయిల్ పైపు బిగించే బాంజో బోల్టులకి కొత్త రాగి వాషర్లు, కొత్త ఆయిల్ ఫీడ్ పైపు, కొత్త ఎగ్జాస్టు స్టడ్లు, నట్లు. ఆయిల్ ఫిల్టర్లు రెండు, ఎయిర్ ఫిల్టరు ఒకటి. 5డబ్ల్యూ-30 ఫుల్ సింథటిక్ ఆయిల్ 7 లీటర్లు, ఎందుకంటే 500 కిలోమీటర్లలోనే రెండోసారి మార్చాలి. హోసులకి మామూలు స్క్రూ క్లిప్పుల బదులు టీ-బోల్టు క్లాంపులు. ఎగ్జాస్టు వేడి చూపే ఈజీటీ గేజి, టర్బో ఊదే గాలి ఒత్తిడి చూపే బూస్టు గేజి. క్లచ్ ప్లేటు సగం అరిగి ఉంటే గేర్‌బాక్స్ మళ్లీ దింపే పని లేకుండా ఇప్పుడే హెవీ డ్యూటీ సెట్టు వేసేయండి.

ఆయిల్ ఫీడ్ పైపు విషయంలో పీనాసితనం పనికిరాదు. పాత పైపుని డీజిల్‌తో కడిగి, గాలి కొట్టి, శుభ్రమైందని మళ్లీ బిగిస్తారు. ఓ పాత పైపుని నిలువునా కోసి చూడండి. టర్బో వైపు చివర నాలుగు అంగుళాల మేర లోపలి గోడకి బొగ్గు పెంకు కట్టి ఉంటుంది. గాలి కొడితే గాలి పోతుంది, చూడటానికి బాగానే ఉంటుంది. ఆయిల్ వేడెక్కి ఆ పెంకు ఊడినప్పుడు నేరుగా కొత్త బేరింగులోకి వెళ్తుంది.

ఉప్పుగాలి, తుప్పు స్టడ్లు

విశాఖలో బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, సాగర్‌నగర్ వైపు ఆరుబయట నిలబెట్టే కార్లలో ఎగ్జాస్టు నట్లు ఎర్రగా తుప్పుపట్టి స్టడ్డుతో ఒకటైపోతాయి. ఈ ఊళ్లో టర్బో పనిలో ఎక్కువ సమయం తినేది ఇదే. ముందురోజు సాయంత్రమే ప్రతి నట్టుకీ తుప్పు వదిలించే నూనె కొట్టండి. పొద్దున ఇంజను పది నిమిషాలు నడిపి, చెయ్యి ఓర్చుకునేంత వేడికి రాగానే మళ్లీ కొట్టండి. ఆరు ముఖాల సాకెట్ వాడండి, పన్నెండు ముఖాలది తుప్పు నట్టు మూలల్ని గుండ్రంగా చేసేస్తుంది. పావు చుట్టు విప్పడం, మళ్లీ కొంచెం బిగించడం, మళ్లీ విప్పడం. ఒకే ఊపున లాగితే స్టడ్డు విరుగుతుంది.

విరిగిందా, డ్రిల్లు పెట్టే ముందు ఆగండి. మొండెం మీద కొత్త నట్టు పెట్టి లోపలినుంచి వెల్డింగు కొట్టించండి. ఆ వెల్డింగు వేడికే తుప్పు పట్టు సడలుతుంది. ఎర్రదనం పోయాక మెల్లగా తిప్పితే చాలాసార్లు వచ్చేస్తుంది. రాకపోతే మ్యానిఫోల్డు విప్పి ఆటోనగర్‌లో లేత్ పనివాళ్లకి ఇవ్వడమే మంచిది. ఎం8 స్టడ్డు అయితే 6.8 మిల్లీమీటర్ల డ్రిల్లు, 1.25 పిచ్ ట్యాపు. చేత్తో పట్టుకున్న డ్రిల్లు పక్కకి జారితే మ్యానిఫోల్డే పోతుంది.

కొత్త స్టడ్ల మరలకి రాగి పేస్టు రాయండి. పేస్టు రాసిన మర తేలిగ్గా తిరుగుతుంది కాబట్టి అదే టార్కుకి ఎక్కువ బిగుస్తుంది. మాన్యువల్‌లో ఇచ్చిన టార్కు పొడి మరలకి అయితే పదిహేను శాతం తగ్గించి బిగించండి.

బిగించడం

ముందు ఇంటర్‌కూలరు దించండి. పాత టర్బో సీలు పోయి ఉంటే అందులో పావు లీటరు ఆయిల్ నిలిచి ఉంటుంది. కొత్త టర్బో గట్టిగా ఊదగానే ఆ ఆయిలంతా సిలిండర్లలోకి పోతుంది, ఇంజను దాన్నే డీజిల్‌లా కాల్చుకుని తాళం తీసినా ఆగకుండా పరుగెడుతుంది. అలా జరిగితే బ్రేకు గట్టిగా తొక్కి, ఐదో గేరు వేసి, క్లచ్ ఒక్కసారిగా వదిలి ఇంజను ఆపేయాలి. పాత కంప్రెసర్ వీలు విరిగి ఉంటే అల్యూమినియం ముక్కలు కూడా ఇంటర్‌కూలరు రెక్కల్లో ఇరుక్కుంటాయి. డీగ్రీజరుతో, వేడినీళ్లతో కడిగి, బోర్లించి ఆరబెట్టండి. మన తేమగాలికి పూట సరిపోదు, ఓ రోజంతా వదిలేయండి. ఆఖర్న కంప్రెసర్ గాలి కొట్టి, తెల్లగుడ్డ మీద నూనె మరక పడకపోతే శుభ్రమైనట్టు.

టర్బో పెట్టేటప్పుడు ఆయిల్ వచ్చే కన్నం పైకి, పోయే కన్నం కిందికి ఉండాలి. డ్రెయిన్ గొట్టం నిలువుకి 35 డిగ్రీల కంటే ఎక్కువ వాలకూడదు, మధ్యలో ఎక్కడా మడత పడకూడదు. అక్కడ ఆయిల్ తన బరువుతోనే దిగాలి, తోసే ప్రెజర్ ఏమీ ఉండదు. ఆయిల్ ఫ్లాంజీలకి సీలెంటు పేస్టు పూయకండి, గ్యాస్‌కెట్ ఒక్కటే చాలు. బయటికి ఎంత పేస్టు పొంగిందో లోపలికీ అంతే పొంగుతుంది, అది ఊడి కన్నానికి అడ్డం పడుతుంది.

ఫీడ్ పైపు బిగించే ముందు సిరంజితో 15, 20 మిల్లీలీటర్ల కొత్త ఆయిల్ టర్బోలో పోసి, కంప్రెసర్ వీలుని వేలితో తిప్పండి. పట్టు లేకుండా తిరగాలి. పక్కకి లీలగా ఆట ఉండటం మామూలే, వీలు హౌసింగుకి రాసుకోకూడదు. ముందుకీ వెనక్కీ ఆట చేతికి తెలియకూడదు.

తర్వాత ఇంజెక్టర్ల కరెంటు కనెక్టర్లు నాలుగూ పీకి సెల్ఫ్ కొట్టండి. పదేసి సెకన్లు, మధ్యలో అర నిమిషం గ్యాప్. డ్రెయిన్ గొట్టం కింది చివర విప్పి సీసాలో పెడితే ఆయిల్ ధారగా రావడం కంటికి కనిపిస్తుంది. ధార కనిపించేదాకా స్టార్టు చేయకండి. కనిపించాక డ్రెయిన్ గొట్టం, కనెక్టర్లు మళ్లీ బిగించి స్టార్టు చేయండి. స్టార్టయ్యాక మూడు నిమిషాలు ఐడిల్, యాక్సిలరేటరు జోలికి పోవద్దు.

బూస్టు మరీ పెరగకుండా పొగని పక్కకి వదిలే తలుపు వేస్ట్‌గేటు, దాన్ని కదిలించేది యాక్చుయేటరు. ఆ యాక్చుయేటరు రాడ్డు నట్టుని ఎవరూ ఊరికే తిప్పకూడదు. చేతి పంపుతో ప్రెజర్ పెట్టి వేస్ట్‌గేటు ఎక్కడ కదలడం మొదలవుతుందో చూసుకోండి. టర్బో కట్టినవాళ్లు రాసిచ్చిన అంకెతో అది కలవాలి.

గాలి లీకు, మ్యాపింగు

ఇంజను ఆపి టర్బో నోటికి మూత బిగించి, రెగ్యులేటరుతో 1 బార్ గాలి ఎక్కించండి. ప్రతి జాయింటు మీదా సబ్బునీళ్లు పోయండి. ఎక్కువ బుడగలు వచ్చే చోట్లు ఇంటర్‌కూలరు హోసు చివర్లు, ఈజీఆర్ (కొంత పొగని మళ్లీ ఇంజనులోకి పంపే ఏర్పాటు) గ్యాస్‌కెట్. చిన్న లీకుని మ్యాపింగుతో (ఈసీఎం ప్రోగ్రాము మార్చి) కప్పిపుచ్చితే టర్బో ఇంకా వేగంగా తిరిగి నష్టపోతుంది.

మ్యాపింగులో గాలి ముందు, డీజిల్ తర్వాత. పెద్ద టర్బో వల్ల 1800 ఆర్‌పీఎం కింద గాలి కాస్త ఆలస్యంగా వస్తుంది. అక్కడే డీజిల్ పెంచితే నల్లపొగ, వేడి. కాబట్టి పెంపు అంతా 2200 పైన ఉంచమనండి. లాగ్‌లో (బండి నడుస్తుండగా ఈసీఎం నుంచి నమోదు చేసిన అంకెల్లో) అడిగిన బూస్టు, వచ్చిన బూస్టు, లోపలికి వెళ్లే గాలి వేడి, రైల్ ప్రెజరు (ఇంజెక్టర్లకి అందే డీజిల్ ఒత్తిడి) నాలుగూ పక్కపక్కన చూడండి. బూస్టు గీత పైన ఒకే చోట బల్లపరుపుగా ఆగిపోతే బూస్టు సెన్సరు పరిధి అయిపోయి ఉండొచ్చు. అప్పుడు ఈసీఎంకి అసలు బూస్టు కనిపించదు. వీలైతే డైనో (బండిని రోలర్ల మీద నడిపి పవరు కొలిచే యంత్రం) మీద చేయించండి. ఎన్‌హెచ్-16 మీద పరీక్షలు పెట్టకండి.

అసలు పరీక్ష అనంతగిరి ఘాట్. ఏసీ ఆన్, మనుషులు నిండుగా, మూడో గేరులో మామూలు వేగంతో ఎక్కండి. టర్బైనుకి ముందు పెట్టిన ఈజీటీ గేజి నిలకడగా 700 డిగ్రీలు దాటకూడదు, ఓవర్‌టేకు చేసే కొద్ది సెకన్లలో 750 వరకు సరే. దాటితే డీజిల్ తగ్గించాలి, బూస్టు పెంచడం కాదు. నాలుగో గేరులో ఆర్‌పీఎం పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతోంది. ఐడిల్‌లో నీలిపొగ వస్తే టర్బో సీలుని తిట్టే ముందు డ్రెయిన్ గొట్టం, బ్రీదరు (ఇంజను లోపలి ఆవిరి బయటికి పోయే దారి) చూడండి. సైరన్‌లాంటి మోత వస్తే వెంటనే ఆపండి. అది గాలి లీకైనా కావచ్చు, వీలు రాసుకుంటున్నా కావచ్చు.

మొదటి వంద కిలోమీటర్ల తర్వాత ఇంజను చల్లారాక ఎగ్జాస్టు నట్లు, హోసు క్లాంపులు మళ్లీ ఒకసారి టార్కు రించితో చూడండి. 500 దగ్గర ఆయిల్, ఫిల్టరు మార్చండి, ఆ తర్వాత ప్రతి 5000కి. అరకు దిగి వచ్చినా, హైవే మీద నుంచి వచ్చినా తాళం తీసే ముందు రెండు నిమిషాలు ఐడిల్‌లో వదలండి. లేకపోతే వేడి టర్బోలో నిలిచిపోయిన ఆయిల్ మాడి, కొత్త ఫీడ్ పైపులో మళ్లీ అదే బొగ్గు పెంకు కడుతుంది.