రెండు నిమిషాల కార్డుకు అయిదు మాటలు చాలు

బెంగళూరు మారతహళ్లి పీజీల్లో ఉంటూ ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిషు పరీక్షకు తయారవుతున్న మనవాళ్లకు ఒక చిట్కా. స్పీకింగ్ పరీక్ష మొత్తం 11 నుంచి 14 నిమిషాలే. ఎక్కువమంది తడబడేది రెండో భాగంలో. మాట్లాడాల్సిన విషయం రాసిన కార్డు చేతికి ఇస్తారు, ఆలోచించుకోవడానికి ఒక్క నిమిషం, ఆపైన రెండు నిమిషాల దాకా మాట్లాడాలి. ఆ నిమిషంలో వాక్యాలు రాయబోతే ఉన్న సమయం కాస్తా హరించుకుపోతుంది. అయిదు మాటలు రాసుకోండి. నచ్చిన తోట గురించి చెప్పమన్నారనుకోండి: లాల్‌బాగ్, రాతిగుట్ట, గాజు మందిరం, ఆగస్టు పూల ప్రదర్శన, వెంట వచ్చిన అత్తయ్య. ఒక్కో మాటకు పాతిక సెకన్లు మాట్లాడినా గడువు నిండుతుంది. గుట్ట వయసెంతో చెప్పడం కన్నా అత్తయ్య ఏ మొక్క కోసం బేరమాడిందో చెప్పడం తేలిక. అక్కడ చూసేది మీ లోకజ్ఞానాన్ని కాదు.

గదిలో సిగ్గనిపిస్తే డాబా మీదికి వెళ్లి ఫోనులో రికార్డు చేసుకోండి. వెంటనే కాదు, మర్నాడు వినండి. అప్పుడే తప్పులు చెవిన పడతాయి. ‘జీరో’ అనేటప్పుడు నాలుక మన ‘జ’ మీదికే పోతోందా? నిరుటి సంగతి చెబుతూ వర్తమాన కాలంలోకి జారుతున్నారా? యాస ఉన్నంత మాత్రాన మార్కులు పోవు, మాట అర్థం కాకపోతే పోతాయి. రెండు నిమిషాలు కాగానే ఎగ్జామినర్ ఆపేస్తే కంగారు పడకండి, అది నియమమే. బట్టీ పట్టిన జవాబులు మాత్రం వద్దు, ఇట్టే పట్టేస్తారు.