స్పానిష్ క్రియ ‘కెదార్’ను తెలుగులోంచి పట్టుకోవడం

నిఘంటువులో ‘కెదార్’ తీస్తే ఇంగ్లీషు అర్థాలు బారెడు కనిపిస్తాయి: రిమెయిన్, స్టే, ఫిట్, సూట్, మీట్, కీప్, టర్న్ అవుట్. ఈ జాబితా బట్టీ పట్టొద్దు. మిగులు, కుదురు, ఉండిపోవు అనే మన మూడు మాటలు దగ్గర పెట్టుకుంటే ఇందులో ఎక్కువ భాగం అర్థమవుతుంది. రూపాలు తేలికే: కేదో (నేను), కేదాస్ (నువ్వు), కేదా (ఆయన, అది), కెదామోస్ (మేము), కేదాన్ (వాళ్లు, అవి). రాసేటప్పుడు క్యూ తర్వాత యూ ఉంటుంది గానీ పలకదు, ‘క్వెదార్’ అనొద్దు.

ముందు ‘మిగులు’. “నాకు రెండు కిలోలు మిగిలినయి” అంటే “మె కేదాన్ దోస్ కీలోస్”. ఇంగ్లీషులో ‘ఐ హావ్’ అని మొదలుపెట్టి వాక్యాన్ని తిప్పాలి, తెలుగు నుంచి పోతే తిప్పే పని లేదు. నాకు ‘మె’, నీకు ‘తె’, ఆయనకు ‘లె’, మాకు ‘నోస్’, వాళ్లకు ‘లెస్’. మిగిలినదాన్ని బట్టి క్రియ మారుతుంది. మనవాళ్లు తప్పేది సరిగ్గా ఇక్కడే. పాలు, నీళ్లు, బియ్యం, డబ్బులు మనకు బహువచనం, స్పానిష్‌లో ఏకవచనం. “పాలు ఉన్నయా?” అని అడగాలంటే “కేదా లేచే?” అనాలి, ‘కేదాన్’ కాదు. కిలోలు, ప్యాకెట్లు లెక్కపెట్టి చెప్తే మాత్రం ‘కేదాన్’.

బట్టలకూ ఇదే అచ్చు. పోచంపల్లి చీర కట్టుకున్నామెతో “నీకు మస్తుగుంది” అనాలంటే “ఎసె సారీ తె కేదా ముయ్ బియెన్”. చొక్కా వదులైతే “మె కేదా గ్రాందె”. చెప్పులు జత కాబట్టి ‘కేదాన్’ వస్తుంది.

వంటకు ‘కుదురు’ అచ్చంగా సరిపోతుంది. “పచ్చిపులుసు మంచిగ కుదిరింది” అంటే “ఎల్ పచ్చిపులుసు కెదో ముయ్ రీకో”. ఇక్కడ ‘దో’ మీద ఒత్తి పలకాలి. ఒత్తు ముందుకు జరిగి ‘కేదో’ అయితే జరిగిపోయిన పని కాస్తా ‘నేను’ చేసేదవుతుంది.

ఊరు, గుడి, ఆఫీసు ఎక్కడుందో చెప్పడానికి కూడా వాడతారు: “పానగల్లు కేదా సేర్కా దె నల్లగొండ”, అంటే దగ్గరే. కదలని వాటికే ఇది. ఫోను, తాళంచెవి ఎక్కడున్నాయో చెప్పాలంటే ‘ఉండు’ అనే అర్థమున్న ‘ఎస్తార్’ క్రియ వాడాలి.

చివర ‘సె’ చేరి ‘కెదార్సె’ అయితే ఉండిపోవడం. వాక్యంలో ఈ ‘సె’ క్రియకు ముందుకొచ్చి, మనిషిని బట్టి ‘మె’, ‘నోస్’ అవుతుంది. “ఇయ్యాల మిర్యాలగూడలనే ఉండిపోత” అంటే “ఓయ్ మె కేదో ఎన్ మిర్యాలగూడ”. నిద్రపోయిండు అంటే “సె కెదో దొర్మీదో”, మన ‘పోవు’ చేసే పనే. ఒక్కచోట మాత్రం తెలుగు దారి తప్పిస్తుంది. “గ్యాస్ ఒడిసింది” అంటే మనకు కర్త గ్యాస్, వాళ్లకు మనుషులు: “నోస్ కెదామోస్ సిన్ గాస్”. ‘సిన్’ అంటే లేకుండా.

‘కొన్’ (అంటే ‘తో’) దగ్గర జాగ్రత్త. “కేదో కొన్ రవి” అంటే రవిని కలవడానికి మాట అనుకుంటున్నా అని. ఈ వాడుక స్పెయిన్‌లో ఎక్కువ. ముందు ‘మె’ పెట్టి “మె కేదో కొన్ రవి” అంటే రవి దగ్గరే ఉంటున్నా అని. అదే వస్తువుతో చెప్తే ఉంచుకోవడం. దుకాణంలో నాలుగు చొక్కాలు చూసి ఒకటి చేతిలోకి తీసుకుని “మె కేదో కొన్ ఎస్తా” అంటే చాలు, ఇదే తీసుకుంటానని దుకాణదారుకు తెలుస్తుంది.