నెదర్లాండ్స్ రైలు ప్రయాణం, 5వ పాఠం: పెట్టె ఏ స్టేషన్‌లో పెట్టాలి?

ముందుగా, పోయిన పాఠంలో ఇచ్చిన ప్రశ్నకు జవాబు. ఆమ్‌స్టర్‌డ్యామ్‌కు దగ్గర్లోని స్కిపోల్ విమానాశ్రయం స్టేషన్‌లో, గేటు దగ్గర బ్యాంకు కార్డు ట్యాప్ చేసి రైలెక్కారు. లైడెన్‌లో దిగి మూడు గంటలు ఊరు చూశారు. తర్వాత హేగ్ వెళ్లారు. మొత్తం ఎన్ని ట్యాప్‌లు? నాలుగు. లైడెన్‌లో బయటికి వస్తూ ఒకటి, తిరిగి లోపలికి వెళ్తూ ఒకటి కూడా లెక్కలోకి వస్తాయి. రెండు అని రాసినవాళ్లు 4వ పాఠం చివరి భాగం మరోసారి చదవండి.

ఆ లైడెన్ మజిలీ దగ్గరే ఈ పాఠం మొదలవుతుంది. ఊరు చూసే ఆ మూడు గంటలూ సామాను ఎక్కడ ఉంటుంది?

వెంట ఈడ్చుకెళ్తే ఏమవుతుందో చెప్తాను. పాత ఊళ్లలో వీధులన్నీ ఇటుక పరుపులు, కాలువల మీద ఎత్తు వంతెనలు. నాలుగు చక్రాల పెట్టె పది నిమిషాలు లాగేసరికి చేతులు పట్టేస్తాయి. మ్యూజియాల్లోకి సూట్‌కేసులు రానివ్వరు. ఆమ్‌స్టర్‌డ్యామ్‌లో ఆనీ ఫ్రాంక్ ఇంట్లో మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి, అక్కడికి పెద్ద సామానుతో వెళ్లే ప్రసక్తే లేదు. హోటల్ గది చేతికొచ్చేది మధ్యాహ్నం దాటాకే. కాబట్టి సామాను దించుకోవడం కూడా టికెట్ కొనడం లాగే నేర్చుకోవాల్సిన పని.

సికింద్రాబాద్ స్టేషన్‌లో క్లోక్‌రూమ్ వాడినవాళ్లకు ఒక పద్ధతి అలవాటై ఉంటుంది. బ్యాగుకు తాళం ఉండాలి, టికెట్ చూపించాలి, గుమాస్తా రసీదు రాసిస్తాడు. డచ్ స్టేషన్లలో ఆ కౌంటర్ ఉండదు. ఉండేవి వరుసగా లాకర్లు, డబ్బు కట్టడానికి ఒక తెర. అడగడానికి మనిషి లేడని కంగారు పడక్కర్లేదు, కానీ ఆలోచించాల్సిందేదో అక్కడికి వెళ్లకముందే ఆలోచించుకోవాలి.

స్టేషన్ ఎంచుకోవడం

చాలామంది మొదట అడిగే ప్రశ్న లాకర్ ఎంత, సైజు ఎంత అని. నేనైతే అవి తర్వాత చూడమంటాను. మొదట కాగితం మీద మీ రోజు ప్రయాణాన్ని గీయండి. ఎక్కడ దిగుతారు, ఎక్కడ తిరుగుతారు, చివరి రైలు ఎక్కడ ఎక్కుతారు. పెట్టె ఉండాల్సింది మీరు ఆ ఊరు వదిలేటప్పుడు రైలెక్కే స్టేషన్‌లో. దిగిన స్టేషన్, ఎక్కే స్టేషన్ ఒకటే అయితే చిక్కేమీ లేదు. వేరైతేనే టెన్షన్.

హేగ్‌నే తీసుకుందాం. ఈ ఊరికి పెద్ద స్టేషన్లు రెండు: ఒకటి సెంట్రల్, రెండోది హాలండ్స్ స్పోర్, బోర్డుల మీద క్లుప్తంగా హెచ్ ఎస్ అని ఉంటుంది. మౌరిట్స్‌హౌస్ మ్యూజియం, 2021లో మరమ్మతుల కోసం ఖాళీ చేసేదాకా పార్లమెంటు ఉన్న బిన్నెన్‌హాఫ్ ప్రాంగణం సెంట్రల్‌కు దగ్గర, నడిచి వెళ్లొచ్చు. కానీ ఆమ్‌స్టర్‌డ్యామ్ వైపు నుంచి లైడెన్, డెల్ఫ్ట్ మీదుగా రాటర్‌డ్యామ్ పోయే ఇంటర్‌సిటీలు ఆగేది హెచ్ ఎస్‌లో, అవి సెంట్రల్‌లోకి రావు. ఉదయం సెంట్రల్‌లో దిగి అక్కడే పెట్టె పెట్టారనుకోండి. ఊరంతా తిరిగి సాయంత్రం అలసిపోయి, ట్రామ్ దొరికింది కదా అని హెచ్ ఎస్‌కు చేరితే పెట్టె ఒక చోట, రైలు ఒక చోట. రెండు స్టేషన్ల మధ్య దూరం ట్రామ్‌లో కొద్ది నిమిషాలే. అయినా రిజర్వు చేసుకున్న రైలు ముందుంటే ఆ కొద్ది నిమిషాలే కొంప ముంచుతాయి. హేగ్‌లో సెంట్రల్‌లో పెట్టండి, తిరుగు రైలు కూడా సెంట్రల్ నుంచే చూసుకోండి. డెల్ఫ్ట్, రాటర్‌డ్యామ్‌లకు అక్కణ్ణించి కూడా రైళ్లున్నాయి.

రాటర్‌డ్యామ్‌లోనూ ఇలాంటి మెలికే ఉంది. అందరూ చూడాలనుకునే క్యూబు ఇళ్లు, 2014లో తెరిచిన మార్క్‌తాల్ అనే అంగడి భవనం, రెండూ బ్లాక్ అనే చిన్న స్టేషన్ పక్కనే. అక్కడే దిగితే బాగుండు అనిపిస్తుంది. కానీ స్కిపోల్ వైపు వెళ్లే ఇంటర్‌సిటీ డైరెక్ట్ గానీ, పారిస్, లండన్ వెళ్లే యూరోస్టార్ గానీ ఎక్కేది సెంట్రల్‌లో. పెట్టె సెంట్రల్‌లో వదిలేసి ఖాళీ చేతులతో నడవండి. ఇరవై నిమిషాల నడక, దారంతా చదునే.

ఉట్రెక్ట్ విషయంలో ఈ బాధ లేదు. దేశంలో రైలు మార్గాలు ఎక్కువగా కలిసేది అక్కడే, ఎటు వెళ్లాలన్నా సెంట్రల్ నుంచే. 112 మీటర్ల డామ్ అనే చర్చి గోపురం కూడా నడక దూరంలోనే ఉంటుంది. పైకి 465 మెట్లు. భుజానికి చిన్న సంచి ఉన్నా రెండొందలో మెట్టు దగ్గర దాన్నెందుకు తెచ్చామా అనిపిస్తుంది, అందుకే లాకర్‌లో చోటుంటే దాన్ని కూడా పెట్టేయమంటాను.

వసంతంలో కూకెన్‌హాఫ్ తులిప్ తోటకు వెళ్లేవాళ్లకు ఒక మాట. మార్చి రెండో సగం నుంచి మే మధ్యదాకానే అది తెరిచి ఉంటుంది. స్కిపోల్ నుంచీ బస్సు ఉంది, లైడెన్ సెంట్రల్ నుంచీ ఉంది. తోట చూశాక విమానం ఎక్కేవాళ్లు సామాను స్కిపోల్‌లో పెట్టి అక్కడి బస్సే ఎక్కాలి. హేగ్ వైపు వెళ్లేవాళ్లు లైడెన్‌లో పెట్టాలి. సూత్రం అదే, దాన్ని ఉపయోగించడమే అలవాటు కావాలి.

లాకర్లు పెద్ద స్టేషన్లలోనే ఉంటాయి. స్ప్రింటర్లు అనే, దారిలో చిన్న స్టేషన్లలోనూ ఆగే రైళ్లు మాత్రమే ఆగే స్టేషన్ల మీద ఆశ పెట్టుకోకండి. డచ్ రైల్వే ఎన్ ఎస్ వెబ్‌సైట్లో ప్రతి స్టేషన్‌కూ విడిగా పేజీ ఉంటుంది, లాకర్ల సంగతి అందులో చూడొచ్చు. బయల్దేరే ముందు రాత్రి ఒకసారి చూసుకోండి.

లాకర్ దగ్గర

రైలు దిగాక పెట్టె, తాళంచెవి బొమ్మ ఉన్న బోర్డులు వెతకండి. వెతకడం గేటు దాటకముందే జరగాలి, ఇది ముఖ్యం. స్టేషన్‌ను బట్టి లాకర్లు గేట్ల లోపల ఉండొచ్చు, బయట ఉండొచ్చు. ట్యాప్ చేసి బయటికొచ్చాక అవి లోపలున్నాయని తెలిస్తే మళ్లీ ట్యాప్ చేసి వెళ్లాలి.

నగదు తీసుకోరు, కార్డు ఒక్కటే. భారత్ నుంచి వచ్చిన కార్డయితే ఇక్కడ ఒక తనిఖీ అవసరం. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో విదేశీ లావాదేవీలు మనం ఆన్ చేసుకుంటేనే పనిచేస్తాయి. బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్, కాంటాక్ట్‌లెస్ రెండూ ఆన్‌లో ఉన్నాయో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి. ఫారెక్స్ కార్డు ఉంటే ఇంకా మంచిది.

ఇప్పుడు అసలు పని, నెమ్మదిగా చేద్దాం. ఖాళీ లాకర్ తలుపు తెరిచే ఉంటుంది. రెండు సైజులుంటాయి: చిన్నదాంట్లో క్యాబిన్ బ్యాగు పడుతుంది, చెక్-ఇన్ పెట్టెకు పెద్దది కావాలి. బరువు పెట్టెకు కింది వరుస చూడండి, ఇరవై మూడు కిలోలు ఛాతీ ఎత్తుకు లేపితే నడుము పట్టేస్తుంది. నిలువుగా పట్టకపోతే పక్కకు పడుకోబెట్టి, చక్రాల వైపు ముందు లోపలికి నెట్టండి. తలుపు ఇంకా వేయకండి. పాస్‌పోర్టు, మందులు, ఫోన్ ఛార్జర్, రెయిన్‌కోటు, పెద్దవాళ్లుంటే వాళ్ల స్వెటరు బయటికి తీశారా? ఒకసారి తలుపు వేసి డబ్బు కట్టాక మళ్లీ తెరిస్తే ఆ అద్దె అక్కడితో ముగిసినట్టే. గొడుగు కోసం తెరిచి మళ్లీ మూసినా కొత్తగా కట్టాలి. అందుకే తలుపు మీద చెయ్యి వేసి, ఇంట్లోవాళ్లందరినీ ఒకసారి అడిగి, అప్పుడు మూయండి.

డబ్బు కట్టాక యంత్రం ఇచ్చే చీటీయే మీ తాళంచెవి. దాన్ని, లాకర్ నంబర్‌ను, ఆ వరుస ఎక్కడుందో తెలిసేలా చుట్టుపక్కలను ఫోటో తీసి, వెంట ఉన్నవాళ్లకు పంపండి. ఫోన్ చార్జింగ్ అయిపోయినా ఇంకొకరి దగ్గర ఉంటుంది.

అద్దె 24 గంటల లెక్కన. అది దాటితే తీసుకునేటప్పుడు అదనంగా కట్టాలి. 72 గంటలకు మించి ఉంచకూడదు. ధర ఊరినీ, సైజునూ బట్టి మారుతుంది, ఆమ్‌స్టర్‌డ్యామ్‌లో మిగతాచోట్ల కన్నా ఎక్కువే. 72 గంటల కన్నా ఎక్కువ కావాలంటే స్కిపోల్ విమానాశ్రయం సొంత లాకర్లు చూడండి, అక్కడ 7 రోజుల వరకు ఉంచొచ్చు. ఇంకో సంగతి: స్టేషన్ లాకర్లు రాత్రంతా తెరిచి ఉండవు. తెల్లవారుజామున విమానం ఉంటే సామాను ముందు రోజు సాయంత్రమే తీసేసుకోండి.

అన్నీ నిండిపోతే

వేసవి శనివారాల్లో ఆమ్‌స్టర్‌డ్యామ్ సెంట్రల్‌లో పెద్ద లాకర్లు త్వరగా నిండుతాయి. అక్కడ నిలబడి ఎవరైనా ఖాళీ చేస్తారేమోనని చూడటం టైమ్ దండగ. మీ హోటల్‌కు ఫోన్ చేయండి, గది ఇవ్వకముందూ ఖాళీ చేశాకా సామాను ఉంచుకోవడం చాలా హోటళ్లకు మామూలే. కాదంటే దుకాణాల్లో సామాను ఉంచే యాప్‌లున్నాయి. ఆ దుకాణం ఎన్నింటికి మూస్తారో చూశాకే డబ్బు కట్టండి. ఇంకా మంచి దారి, రద్దీ రోజని ముందే తెలిస్తే ఆమ్‌స్టర్‌డ్యామ్ దాకా తీసుకురాకుండా స్కిపోల్‌లోనే వదిలేయడం. అక్కణ్ణించి సెంట్రల్ పావుగంట ప్రయాణమే. తిరిగి విమానం ఎక్కేవాళ్లకు ఇదే సరైన చోటు కూడా.

అభ్యాసం

ఒకటి. ఐందోవెన్‌లో ఉద్యోగం చేసే అబ్బాయి దగ్గరికి అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి వస్తున్నారు. విమానం ఉదయం స్కిపోల్‌లో దిగుతుంది. నాలుగు చెక్-ఇన్ పెట్టెలు, ఒకదాంట్లో ఆవకాయ జాడీలు. స్కిపోల్ నుంచి ఐందోవెన్ రైలు ఉట్రెక్ట్ మీదుగానే వెళ్తుంది, కాబట్టి దారిలో నాలుగు గంటలు ఉట్రెక్ట్ చూపించాలని అబ్బాయి కోరిక. పెట్టెలు ఎక్కడ పెట్టాలి? ఎన్ని పెద్ద లాకర్లు కావాలి? ఎన్ని ట్యాప్‌లు? రాత్రంతా నిద్రలేని పెద్దవాళ్లతో ఈ ప్రయాణం ఆ రోజే చేయాలా, ఇంటికెళ్లి మర్నాడు ఖాళీ చేతులతో రావాలా? కారణంతో సహా రాయండి.

రెండు. ఉదయం లైడెన్ నుంచి బయల్దేరి హేగ్, డెల్ఫ్ట్ రెండూ చూసి, రాత్రి రాటర్‌డ్యామ్‌లో హోటల్‌కు చేరాలి. ఒకే ఒక్కసారి లాకర్ అద్దె కట్టాలి. గీత గీసి చూడండి. హేగ్‌లో పెట్టి, తర్వాత తీసుకుని డెల్ఫ్ట్‌లో సామానుతో తిరగడం కుదరదు. అసలు హేగ్‌లో దిగకముందే రాటర్‌డ్యామ్ వెళ్లొస్తే ఏమవుతుందో కూడా లెక్కేయండి. జవాబులు 6వ పాఠం మొదట్లో ఉంటాయి.