ఖాళీ ఘాట్ రోడ్ల మీద సైకిల్ ప్రయాణం: బయల్దేరే ముందు జాగ్రత్తలు

కొండ పల్లెల మధ్యగా పోయే చిన్న తారు రోడ్లంటే సైకిల్ తొక్కేవాళ్లకి ప్రాణం. లారీలు ఉండవు, హారన్ల గోల ఉండదు, గంటకో బండి ఎదురైతే గొప్ప. అయితే ఒక సంగతి ముందే గుర్తుపెట్టుకోవాలి. రోడ్డు ఖాళీగా ఉందంటే మనల్ని గుద్దేవాళ్లు తక్కువ, పడిపోతే చూసేవాళ్లూ తక్కువే. ఊళ్లో నిమిషాల్లో అందే సాయం అక్కడ గంటలు పట్టొచ్చు. అందుకే ఇలాంటి దారులకి ప్లాన్ వేసేటప్పుడు ఎక్కడం గురించి కాదు, దిగడం గురించి ముందు ఆలోచించమంటాను. ఎక్కలేకపోతే సైకిల్ దిగి నడవొచ్చు. కిందికి వస్తూ పట్టు తప్పితే అలాంటి వెసులుబాటు ఉండదు.

దారి ఎంచుకోవడం

మ్యాప్‌లో 60 కిలోమీటర్లు అని చూసి, మూడు గంటల్లో అయిపోతుందని లెక్కేసుకోకండి. కొండల్లో దూరం కన్నా మొత్తం ఎంత ఎత్తు ఎక్కుతున్నామన్నదే ముఖ్యం. 7 శాతం వాలున్న 10 కిలోమీటర్ల రోడ్డంటే 700 మీటర్లు పైకి వెళ్లడం. వారానికి రెండు మూడుసార్లు తొక్కే మనిషికి ఆ ఒక్క ఎక్కుడే గంట దాటుతుంది, సామాను ఉంటే ఇంకా ఎక్కువ. సగటు వాలు చూసి కూడా మోసపోవద్దు. సగటు 5 శాతం అని రాసి ఉన్న చోట మధ్యలో చదునుగా రెండు కిలోమీటర్లు, ఆ వెంటనే 12 శాతం నిటారు వాలు ఉండొచ్చు. ఎత్తుపల్లాల గ్రాఫ్ పెద్దది చేసి చూస్తేనే ఆ విషయం బయటపడుతుంది.

కొండకి రెండు వైపులా రోడ్డు ఉంటే చాలామంది ఎక్కడం తేలికగా ఉండే వైపు నుంచి మొదలుపెడతారు. నన్నడిగితే ఉల్టా చేయాలి. ఇరుకుగా, నిలువుగా, గతుకులతో ఉన్న వైపు నుంచి ఎక్కండి. వెడల్పుగా, మలుపులు దూరం నుంచే కనిపించే వైపు దిగండి. ఎక్కేటప్పుడు గంటకి ఎనిమిది కిలోమీటర్ల వేగంలో గుంత ఎదురైతే పక్కకి తప్పుకుంటాం. అదే గుంత దిగేటప్పుడు యాభైలో వస్తే పని వేరు.

రద్దీ లేని దారి చూపించమంటే కొన్ని యాప్‌లు మట్టి బాటలోకి, అడవి పనుల కోసం వేసిన తోవల్లోకి తీసుకెళ్తాయి. రూటు మొత్తం శాటిలైట్ చిత్రంలో ఒకసారి చూసుకోండి. మంచు, కొండచరియలు, వంతెన పనుల వల్ల రోడ్డు మూసేశారేమో ముందురోజు కనుక్కోండి. మ్యాప్‌ని ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది కాబట్టి ఫోన్‌ని ఒంటికి దగ్గరగా, లోపలి జేబులో పెట్టుకోవడం మంచిది.

ఇంకో పని తప్పనిసరిగా చేయండి. ఫలానా టైముకి ఫలానా చోటికి చేరకపోతే వెనక్కి తిరిగేస్తాను అని ఇంటి దగ్గరే నిర్ణయించుకోండి. అలసిపోయాక, శిఖరం కనిపిస్తూ ఉండగా తీసుకునే నిర్ణయం సరిగ్గా ఉండదు. రూటు, ఎన్నింటికల్లా ఫోన్ చేస్తారన్నది ఇంట్లో ఒకరికి రాసిచ్చి వెళ్లండి. ఫోన్ రాకపోతే ఎన్ని గంటలు చూసి ఎవరికి చెప్పాలో కూడా అందులోనే ఉండాలి.

తెల్లవారుజామునే బయల్దేరడం వల్ల ఎండ తప్పుతుందన్నది ఒక్కటే లాభం కాదు. వేసవిలో కొండల మీద మధ్యాహ్నం దాటాక ఉరుముల మేఘాలు కమ్ముకోవడం మామూలు. వీలైనంత వరకు మధ్యాహ్నం లోపే కనుమ దాటి కిందికి వచ్చేయాలి. ఉరుము వినిపించిందంటే పిడుగు మీ దాకా రాగలిగినంత దగ్గరలో ఉన్నట్టే. వెంటనే ఎత్తు తగ్గించుకోండి, ఒంటరి చెట్టు కింద నిలబడకండి. సైకిల్‌కి రబ్బరు టైర్లు ఉన్నాయి కదా అన్న ధైర్యం పనికిరాదు, అవి పిడుగు నుంచి కాపాడవు. పైగా లోయల్లో సూర్యుడు కొండ చాటుకి ముందే వెళ్లిపోతాడు. క్యాలెండర్‌లో ఉన్న సూర్యాస్తమయం టైము అక్కడ చెల్లదు. ముందు, వెనక లైట్లు పగలే అయినా ఉండాల్సిందే.

బ్రేకులు

బండిలో చూసుకోవాల్సినవి చాలానే ఉన్నా, కొండకి సంబంధించినంత వరకు నాకు బ్రేకుల తర్వాతే ఏదైనా. ఎందుకో చిన్న లెక్క చూద్దాం. మనిషి, సైకిల్, సామాను కలిపి 85 కిలోలు అనుకోండి. 700 మీటర్లు కిందికి వచ్చేసరికి విడుదలయ్యే శక్తి సుమారు 580 కిలోజౌళ్లు. లీటరున్నర చల్లటి నీళ్లని మరిగించడానికి అది చాలు. అందులో కొంత గాలి తీసుకుంటుంది, మిగతాదంతా దాదాపుగా బ్రేకుల్లో వేడిగా మారుతుంది. భయంతో లివర్లు వదలకుండా పట్టుకుని నెమ్మదిగా దిగేవాళ్లకి గాలి వాటా తగ్గి, బ్రేకుల మీద భారం పెరుగుతుంది. తిన్నటి రోడ్డులో కాస్త వదిలి, మలుపుకి ముందు రెండు బ్రేకులూ కలిపి గట్టిగా పట్టి, మళ్లీ వదిలేయడం వల్ల అవి చల్లారడానికి సమయం దొరుకుతుంది.

చక్రం అంచుని పట్టే రిమ్ బ్రేకులైతే ఆ వేడి రిమ్ లోంచి ట్యూబుకి చేరుతుంది. పాత ప్యాచ్ ఊడొచ్చు, టైరు పేలొచ్చు. కార్బన్ రిమ్‌లు వేడికి దెబ్బతినే అవకాశం ఇంకా ఎక్కువ. చక్రం మధ్యలోని పళ్లేన్ని (డిస్క్‌ని) ఆయిల్ ఒత్తిడితో పట్టే హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులైతే ఆ ఆయిల్ మరిగి, లివర్ మెత్తబడి, ఒక్కసారిగా హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది. చాలాసార్లు ఇది చెప్పకుండా రాదు. ముందు మాడిన వాసన వస్తుంది, లివర్ ఇంతకుముందు కన్నా లోపలికి పోతున్నట్టు వేలికి తెలుస్తుంది, చప్పుడు మారుతుంది. వీటిలో ఏది గమనించినా మొదట దొరికిన చదును చోట ఆగిపోండి. డిస్క్‌ని వేలితో ముట్టుకోవద్దు, చర్మం కాలుతుంది. నీళ్లు కూడా పోయొద్దు, దానంతట అది చల్లారనివ్వండి.

బయల్దేరే ముందు బ్రేకు ప్యాడ్లు బయటికి తీసి వెలుతురులో చూడండి. డిస్క్ ప్యాడ్ మీద మిగిలిన పదార్థం ఒక మిల్లీమీటరు కన్నా తక్కువ ఉంటే మార్చేయండి. రిమ్ మీద ఉండే అరుగుదల గాడి కనిపించకుండా పోయిందంటే రిమ్ పని అయిపోయినట్టే. కేబుల్ బ్రేకులైతే లివర్ దగ్గర తీగ పోగులు విడిపోయాయేమో చూడాలి. కొత్త ప్యాడ్లు మాత్రం ప్రయాణానికి ముందు రాత్రి వేయకండి. అవి బాగా పట్టడానికి చదును రోడ్డు మీద కొంతదూరం బ్రేకులు వేస్తూ తిప్పాలి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. టైర్లకి కోతలు ఉండకూడదు. రెండు ట్యూబులు, పంపు, చైను లింకు, మల్టీటూల్ దగ్గరుండాలి. పెడల్స్ దగ్గరుండే చిన్న పళ్లచక్రం, వెనక చక్రంలోని పెద్ద పళ్లచక్రం దాదాపు సమానంగా, ఉదాహరణకి 34కి 34 పళ్లు ఉంటే మోకాళ్లు బతుకుతాయి.

కిందికి దిగేటప్పుడు

ప్రతి 1000 మీటర్ల ఎత్తుకి ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. చెమటతో తడిసిన బట్టలకి యాభై కిలోమీటర్ల వేగపు గాలి తోడైతే పది నిమిషాల్లో వేళ్లు మొద్దుబారతాయి. మొద్దుబారిన వేళ్లతో బ్రేకు ఎంత పడుతుందో తెలియదు. పైకి చేరగానే, చెమట చల్లారకముందే, గాలి దూరని జాకెట్, వేళ్లన్నీ మూసే గ్లవ్స్ వేసుకోవాలి. పాతకాలపు రేసర్లు ఛాతీ మీద న్యూస్‌పేపర్ పెట్టుకుని దిగేవారు. జాకెట్ మర్చిపోతే అది ఇప్పటికీ పనిచేసే ఉపాయమే.

వేగం రెట్టింపైతే ఆగడానికి పట్టే బ్రేకింగ్ దూరం నాలుగు రెట్లవుతుంది. కాబట్టి కళ్లకి కనిపించే రోడ్డులోనే ఆగగలిగినంత వేగంలో ఉండాలి, అంతకు మించి వద్దు. వేగం తగ్గించడం మలుపు లోపల కాదు, మలుపుకి ముందే అయిపోవాలి. మలుపులో బయటివైపు పెడల్ కిందికి ఉంచి బరువంతా దాని మీద వేసి, చూపు రోడ్డు బయటికి వెళ్లే చోట నిలపండి. గుంత వైపు చూస్తే బండి గుంతలోకే పోతుంది.

రద్దీ లేని రోడ్లకి ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. బండ్లు తిరిగే చోట చక్రాలు తారుని శుభ్రంగా ఉంచుతాయి. తిరగని చోట కొండ మీంచి రాలిన సన్నటి కంకర హెయిర్‌పిన్ మలుపుల లోపలి అంచున, రోడ్డు మధ్యలో గీతలా పోగుపడుతుంది. తారు రంగులోనే ఉండటం వల్ల దగ్గరికి వెళ్లేదాకా తెలియదు. నీడ పడే వైపు తడి, పాచి, ఆకులు, చలికాలంలో గాజులాంటి మంచు పొర ఎండెక్కినా ఉంటాయి. రోడ్డు మీద పచ్చి పేడ కనిపించిందంటే వచ్చే మలుపు అవతల మంద ఉందనే అనుకోండి. సొరంగం ఎదురైతే లోపలికి వెళ్లకముందే నల్లకళ్లద్దాలు తీసేయండి.

ఎదురుగా ఎవరూ రారన్న నమ్మకంతో మలుపుని అడ్డంగా కోసేయకండి. అరుదుగా వచ్చే ఆ ఒక్క డ్రైవరు కూడా సరిగ్గా అదే నమ్మకంతో వస్తుంటాడు.

వేగంలో ఉండగా హ్యాండిల్ గడగడా వణకడం మొదలైతే చేతులు బిగించొద్దు. మోకాళ్లతో ఫ్రేమ్ పైగొట్టాన్ని నొక్కిపట్టి, సీటు మీంచి బరువు కాస్త తీసి, మెల్లగా వేగం తగ్గించండి.

ఇదంతా అతి జాగ్రత్త అనుకునేవాళ్లకి రెండు పేర్లు చెప్తాను. 1995 టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసులో ఒలింపిక్ స్వర్ణ పతక విజేత ఫాబియో కాసార్తెల్లి పోర్టే డాస్పే కనుమ దిగుతూ పడి చనిపోయాడు. 2023లో ప్రొఫెషనల్ రేసర్ గినో మేడర్ స్విట్జర్లాండ్‌లోని ఆల్బులా కనుమ దిగుతూ లోయలోకి పడి, మర్నాడు ప్రాణాలు విడిచాడు. వాళ్లు నిపుణులు, రేసు కోసం రోడ్డు మూసి ఉంది, వెనకే వైద్యులున్నారు. 2003 నుంచి ప్రొఫెషనల్ రేసుల్లో హెల్మెట్ తప్పనిసరి. ఫ్రేమ్ పైగొట్టం మీద కూర్చుని దిగే పద్ధతిని 2021లో నిషేధించారు. టీవీలో చూసిన ఆ భంగిమ దయచేసి ఎవరూ ప్రయత్నించకండి.

ఎవరైనా పడిపోతే

మొదట వెనకొచ్చే బండ్లని ఆపాలి. ఒకరు మలుపుకి పైన, దూరం నుంచి కనిపించే చోట నిలబడాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో వదలకుండా అదిమిపట్టండి. మెడకి, వెన్నుకి దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే, ఇంకో ప్రమాదం ముంచుకొస్తే తప్ప కదిలించొద్దు. కింద పడుకున్న మనిషి వేసవిలో కూడా త్వరగా చల్లబడిపోతాడు, అందుకే అరచేతిలో ఇమిడే ఫాయిల్ దుప్పటి ఒకటి బ్యాగులో ఉంచుకోమని అందరికీ చెప్తుంటాను. మీ నెట్‌వర్క్ సిగ్నల్ లేకపోయినా అత్యవసర నంబరుకి చేసి చూడండి. చాలా దేశాల్లో 112 పనిచేస్తుంది, వేరే కంపెనీ టవర్ అందుబాటులో ఉంటే ఆ కాల్ దాని మీదుగా వెళ్లగలదు. జీపీఎస్ అంకెలు చదివి చెప్పడం ముందే సాధన చేసుకోండి.

తలకి దెబ్బ తగిలిన మనిషి "నాకేం కాలేదు, తొక్కేస్తాను" అన్నా వినకండి. అడిగిందే అడగడం, వాంతి, మగత కనిపిస్తే అది ఆసుపత్రి పని. పైకి చిన్న గీత కూడా లేకపోయినా దెబ్బ తిన్న హెల్మెట్ లోపలి ఫోమ్ నలిగిపోయి ఉండొచ్చు, అది మళ్లీ వాడకూడదు.