తాళం తిప్పితే ఒకసారి టిక్, ఒకసారి స్టార్ట్: కారులో వచ్చిపోయే కరెంట్ ఫాల్టుని ఇంటి దగ్గరే పట్టుకోవడం

పోయిన మే నెలలో హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద గంటసేపు నడిపి బంకులో ఆపి పెట్రోల్ కొట్టించి మళ్లీ తాళం తిప్పితే టిక్ అని ఒక్క సౌండు, అంతే. సెల్ఫ్ (ఇంజన్‌ని మొదట తిప్పే మోటర్) తిరగలేదు. వెనక బండ్లన్నీ హారన్లు. పక్కకి తోసి అరగంట ఆగితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయింది. మెకానిక్ దగ్గరికి తీస్కెళ్తే అక్కడ పదిసార్లు తిప్పినా పదిసార్లూ స్టార్టే, ఇంక ఆయన మాత్రం ఏం చూస్తాడు, బ్యాటరీ మార్చేద్దాం సార్ అన్నాడు, మార్పించా, వారం తిరక్కుండా మళ్లీ అదే టిక్కు. అప్పుడు సొంతంగా మీటర్ కొనుక్కుని కూర్చున్నా. ఇలాంటి ఫాల్టుకి చెప్పేది ఒకటే, అది కనిపిస్తున్న టైంలోనే కొలవాలి, బండి బాగున్నప్పుడు కొలిస్తే అన్నీ బాగానే చూపిస్తాయి.

అందుకే పానా పట్టుకునే ముందు ఒక వారం ఫోన్లో రాస్కోండి. ఎప్పుడు వచ్చింది, ఇంజన్ వేడి మీదా చల్లగానా, వాన పడిందా, స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడా, ఏసీ, లైట్లు వేసి ఉన్నాయా, ఆ టైంకి ఇంకేం ఆగిపోయాయి. వేడిలోనే వస్తే సెల్ఫ్ మోటర్, దాని కేబుళ్లు, రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్చులు) చూడాలి. వానాకాలంలోనే వస్తే ఎక్కడో కనెక్టర్లోకి నీళ్లు పోతున్నట్టు. గతుకుల్లో వస్తే లూజ్ కాంటాక్ట్ లేదా లోపల తెగిన వైరు. సంబంధం లేని రెండు మూడు ఒకేసారి ఆగిపోతే, ఇండికేటర్ వేస్తే ఇంకో లైటు మసగ్గా వెలిగితే, నూటికి తొంభై ఎర్త్ (కరెంటు బాడీ మీదుగా బ్యాటరీ మైనస్‌కి తిరిగొచ్చే దారి) పోయినట్టే అనుకోండి. ఈ వారం ఓపిక పట్టకుండా ఒకదాని తర్వాత ఒకటి పార్టులు మార్చుకుంటూ పోతే డబ్బులు పోతాయి తప్ప ఫాల్టు దొరకదు.

సామాను పెద్దగా ఏం అక్కర్లేదు. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే కొన్ని వందల్లో డిజిటల్ మల్టీమీటర్ వస్తుంది, మిన్ మ్యాక్స్ బటన్ (అతి తక్కువ, అతి ఎక్కువ రీడింగు పట్టి ఉంచేది) ఉన్నది దొరికితే ఇంకా మంచిది. 12 వోల్టుల టెస్ట్ లైట్ (కరెంటు ఉంటే వెలిగే బల్బున్న సూది) ఒకటి, 10 నంబర్ పానా, ఉప్పు కాగితం, వంట సోడా, హెయిర్ డ్రైయర్. చేతికి ఉంగరాలు, కడియం, గొలుసు ఏమున్నా తీసేయండి, బ్యాటరీ దగ్గర ఉంగరం ప్లస్‌కీ బాడీకీ మధ్య తగిలితే వేలు కాలిపోతుంది. హ్యాండ్ బ్రేక్ వేసి న్యూట్రల్లో పెట్టండి. ఇంజన్ ఆపి ఉన్నా రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరగొచ్చు, చేతులు దూరం. బ్యాటరీ విప్పాల్సి వస్తే ముందు మైనస్ తీయాలి, బిగించేటప్పుడు మైనస్ ఆఖర్న.

ముందు బ్యాటరీ. రాత్రంతా ఆగిన బండికి పొద్దున్నే చూస్తే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, 12.2 ఉంటే సగం దిగినట్టు. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందకి పడకూడదు. ఇంజన్ నడుస్తుంటే చాలా బండ్లలో 13.8 నుంచి 14.5 మధ్య రావాలి, రాకపోతే డైనమో (బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్), దాని బెల్టు చూడండి. టెర్మినల్ చేత్తో తిప్పితే కదిలిందంటే అదే మీ ఫాల్టు కావచ్చు. తెల్లగానో నీలంగానో పొడి పట్టి ఉంటే వేడి నీళ్లలో వంట సోడా కలిపి కడిగి ఆరనిచ్చి ఉప్పు కాగితంతో రుద్ది బిగించండి.

ఇప్పుడు అసలు టెస్టు. మీటర్‌ని డీసీ 20 వోల్టుల మీద పెట్టి ఒక పుల్ల (మీటర్ వైరు చివరి సూది) బ్యాటరీ మైనస్ సీసం ముక్క మీదే ఆనించాలి, దాన్ని పట్టుకున్న క్లాంపు మీద కాదు, రెండోది ఇంజన్ మీద పెయింట్ లేని ఇనుము మీద. ఎవరితోనైనా సెల్ఫ్ కొట్టించి ఆ రెండు సెకన్లలో రీడింగ్ చూడాలి. 0.2 లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టు, 0.5 దాటితే దారిలో ఎక్కడో అడ్డం ఉంది. తర్వాత ప్లస్ సీసం ముక్క నుంచి సెల్ఫ్ మోటర్ లావు బోల్టు దాకా అలాగే చూడాలి, అక్కడా 0.5 దాటకూడదు.

మా సెల్లార్లో బండి చల్లగా ఉన్నప్పుడు చూస్తే 0.35 వచ్చింది, అనుమానమే గానీ పట్టించుకునేంత కాదు అనిపించింది. ఇంక మా బావమరిదిని తీసుకుని మిట్టమధ్యాహ్నం గంట తిప్పి తెచ్చి బానెట్ ఎత్తా. "బావా, కొట్టమంటావా?" అన్నాడు లోపల్నుంచి. కొట్టరా అన్నా. టిక్. మీటర్లో 6 దాటింది! అంటే బ్యాటరీలో ఉన్న 12లో సగం మోటర్ దాకా పోకుండా ఎర్త్ దారిలోనే పోతోంది. పుల్లని కొంచెం కొంచెం జరుపుతూ పోయా, బ్యాటరీ మైనస్ నుంచి క్లాంపుకి ఏం లేదు, క్లాంపు నుంచి గేర్ బాక్స్ బోల్టు దగ్గరి స్ట్రాప్ (ఎర్త్ కేబుల్) చివరి దాకా మొత్తం అక్కడే. పైకి చూస్తే స్ట్రాప్ నల్లటి స్లీవ్‌తో కొత్తదిలా ఉంది. స్లీవ్ కోసి చూస్తే థింబుల్ (కేబుల్ చివర బోల్టుకి బిగించే లోహపు రింగు) లోపల రాగి తీగలన్నీ చిలుము పట్టి పచ్చగా, గోరుతో గీకితే పొడిలా రాలాయి, గట్టిగా ఉన్నవి నాలుగైదు తీగలు. వేడెక్కితే అవీ కాంటాక్ట్ వదిలేస్తున్నాయి.

ఇక్కడ చాలామంది మీటర్‌ని ఓమ్స్ (వైరులో అడ్డం ఎంతుందో కొలిచేది) మీద పెట్టి బీప్ వచ్చింది కదా వైరు బాగుంది అనేస్తారు, దయచేసి అలా చేయకండి. ఒక్క తీగ మిగిలినా బీప్ వస్తుంది. చిన్న కారు సెల్ఫ్ కూడా 100 ఆంప్స్ పైనే లాగుతుంది, దారిలో 0.01 ఓమ్ అడ్డం ఉంటే చాలు 1 వోల్టు అక్కడే ఖర్చు, అంత చిన్న ఓమ్ మామూలు మీటర్లో కనపడనే కనపడదు. అందుకే లోడ్ మీద, అంటే సెల్ఫ్ కొడుతుండగానే, వోల్టులు కొలవాలి. ఇంకోటి, ఇంజన్ ఎర్త్ పోతే కరెంటు గేర్ కేబుల్లోంచో క్లచ్ కేబుల్లోంచో దారి వెతుక్కుంటుంది, సెల్ఫ్ కొట్టాక ఆ కేబుళ్లు వేడెక్కుతుంటే గుర్తు పట్టండి.

సెల్ఫ్ కాకుండా లైటో, వైపరో, పవర్ విండోనో వచ్చిపోతుంటే దాని కనెక్టర్ దగ్గర టెస్ట్ లైట్ పెట్టి స్విచ్ ఆన్‌లో ఉంచి వైరుని జానెడు జానెడు పట్టుకుని మెల్లగా ఆడించుకుంటూ రండి, లైటు మిణుకుమన్న చోట ఆగండి. వేడిలో వచ్చేదైతే రిలే మీద హెయిర్ డ్రైయర్ పెట్టండి, వానలో వచ్చేదైతే స్ప్రే బాటిల్‌తో కొంచెం నీళ్లు కొట్టండి, ఒక్కో చోట మాత్రమే, అన్నిటి మీదా ఒకేసారి కొడితే ఏది కారణమో తెలీదు. డోర్ కీలు దగ్గర, డిక్కీ కీలు దగ్గర ఉండే రబ్బరు గొట్టం తప్పకుండా వెనక్కి జరిపి చూడండి. రోజూ మడత పడి పడి లోపల రాగి తెగిపోతుంది, పై ప్లాస్టిక్ బాగానే ఉంటుంది. ఒక్కో వైరునీ రెండు వేళ్లతో మెల్లగా లాగితే తెగినది రబ్బరులా సాగుతుంది, మంచిది సాగదు.

మన సెల్లార్ పార్కింగుల్లో ఎలుకల సంగతి తెలిసిందే. బానెట్ కింద ఎలుక పెంటికలు, పీచు కనపడితే వైరింగ్ మీద టేపు విప్పి చూడాల్సిందే. వేపచెట్టు కింద పెట్టే బండ్లకి ముందు అద్దం కింద ఆకులు నిండి నీళ్లు పోయే దారి మూసుకుపోతుంది, కొన్ని బండ్లలో ఆ నీళ్లు బ్లోయర్ మీదకో ఫ్యూజ్ బాక్సులోకో దిగుతాయి. బయట వేయించిన కెమెరా, ఫాగ్ లైట్లు, రిమోట్ లాక్ ఉంటే ముందు వాటినే అనుమానించండి, ఫ్యూజు కాలు పక్కన వైరు దూర్చేసి పోతారు, దాంతో ఆ సాకెట్ వదులైపోతుంది. 10 ఆంప్స్ ఫ్యూజు పోతోందని 20 వేయకండి, ఫ్యూజు మిగిలి వైరు కాలుతుంది.

రిలే మీద డౌటుంటే పక్కన అదే నంబరున్న హారన్ రిలేతో మార్చి చూడండి, ఫాల్టు హారన్‌కి మారితే దొరికినట్టే. పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో నారింజ కేబుళ్లు హై వోల్టేజ్‌వి, వాటి జోలికి వెళ్లకండి, బండిలోని కంప్యూటర్ వైర్ల మీద బల్బున్న టెస్ట్ లైట్ కూడా పెట్టకండి. అక్కడి దాకా వచ్చిందంటే మీరు రాసుకున్నవీ రీడింగులూ తీసుకుని మంచి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లండి, ఆయనకి సగం పని అయిపోయినట్టే.

రిపేరయ్యాక ఫాల్టు ఏ పరిస్థితిలో వచ్చిందో అదే పరిస్థితిలో మళ్లీ కొలవాలి. నేను రాణిగంజ్‌లో కొత్త స్ట్రాప్ కొని, గేర్ బాక్స్ బోల్టు కింద ఇనుము మెరిసేదాకా రుద్ది బిగించి, మళ్లీ ఎండలో గంట తిప్పి తెచ్చి బావమరిదితో మూడుసార్లు కొట్టించా. మూడుసార్లూ 0.08.